అత్తయ్య బరువు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది మంచం కిర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే కోడలి గొంతు.

"అత్తయ్యా, కాళ్లు దించండి. ఎడమ కాలు ముందు. ఆఁ, ఇప్పుడు కడ్డీ పట్టుకోండి. పట్టుకున్నారా?"

"పట్టుకున్నానే తల్లీ. నువ్వు లాగు."

కోడలు ఆమె చంకల కింద చేతులు పోనిచ్చి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున పైకి లేపింది. నిలబెట్టాక, గోడకి బిగించిన కడ్డీ పట్టుకుని అత్తయ్య కాసేపు సొంత కాళ్ల మీద నిలబడగలదు. ఎక్కువసేపు కాదు, కోడలు చక్రాల కుర్చీని వెనక్కి జరిపి బ్రేకు వేసేదాకానే. ఆ కాస్త నిలబడగలగడమే ఆ ఇంటికి ఆధారం. అది ఉండబట్టే ఆమెకి బాత్రూంలో తలుపేసుకుని స్నానం, వంటింటి గుమ్మంలో కుర్చీ, పెద్దరికం అన్నీ మిగిలాయి. అది పోతే మిగిలేది మంచమే.

"ఏమే, ఇవాళ మరీ దిమ్మలా ఉన్నానా?" కుర్చీలో కూలబడుతూ అడిగింది అత్తయ్య.

"దిమ్మేమిటత్తయ్యా, పువ్వులా ఉన్నారు."

"పువ్వా! ఈ పువ్వుని లేపేసరికి నీ మెడ మీద నరాలు మోకుల్లా తేలాయి. పాడైంది నా కాళ్లే, కళ్లు కాదు."

కోడలు నవ్వింది. నవ్వుతూనే ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకుంది.

ఆ ఇంటి వ్యాపారం పాత ఇనుము. ముందు కొట్టు, వెనక ఇల్లు. తుంటి ఎముక విరిగేదాకా కొట్లో కాటా ముందు కూర్చుంది అత్తయ్యే. అందుకే ఆ వీధి మొత్తానికి ఆమె కాటా అమ్మ. అమ్మేవాడు ఏం చెప్పినా వినేది కాదు, కాటా ఏం చెబితే అదే. ఆ కొట్టు భాష మెల్లగా ఇంట్లోకీ వచ్చేసింది. ఎవరికైనా జ్వరమొస్తే ఇంజను వేడెక్కిందనేవాళ్లు. కోడలు కాపురానికి వచ్చిన రోజున "సరుకు గట్టిదేరా" అంది అత్తయ్య కొడుకుతో. అది మెచ్చుకోలని అర్థం కావడానికి ఆ పిల్లకి చాలా కాలం పట్టింది. ఇప్పుడు తన మోకాళ్ల గురించి అడిగినా "తుప్పు పట్టిపోయాయే" అంటుందే తప్ప నొప్పి అన్న మాట ఆమె నోట రాదు.

లేపే పనికి మనుషుల్ని పెట్టి చూశారు. మొదట వచ్చినావిడ అత్తయ్యని చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది, రెండో రోజుకే తిట్లు తిని వెళ్లిపోయింది. తర్వాతావిడకి అత్తయ్య బరువు చూసే జ్వరం వచ్చింది. కొడుకు భుజం ఒకప్పుడు లారీలోంచి జారిన రేకుల కింద నలిగింది, చెయ్యి తల దాటి లేవదు. లేచినా లాభం లేదు. కొడుకు చేత బాత్రూంకి వెళ్లే రోజు వస్తే తను ఉండనని అత్తయ్య తేల్చి చెప్పేసింది. తీసివేతలన్నీ అయ్యాక మిగిలింది కోడలి నడుం ఒక్కటే.

ఆ రోజు ఫలహారాల దగ్గర ఫోను మోగింది. దూరపు ఊళ్లో బ్యాంకులో పనిచేసే ఆడపడుచు. కొడుకు చేతులకి గ్రీజు ఉండడంతో ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"తమ్ముడూ, ఆ వృద్ధుల హోమ్ వాళ్లతో మాట్లాడాను. చాలా శుభ్రంగా ఉంది. లేపడానికి ఇద్దరేసి మనుషులుంటారు. నీ పెళ్లాం నడుం విరిగి మంచాన పడితే ఇద్దరినీ చూసుకునేదెవరు? సెంటిమెంట్లు పక్కన పెట్టి ఆలోచించు."

"చూద్దాంలే అక్కా," అన్నాడతను, తల్లి వైపు చూడకుండా.

వ్యాపారంలో చూద్దాంలే అనే మాటకి ఒకటే అర్థం. సరుకు తీసుకోవాలని ఉంది గానీ ధర కుదరలేదని. ఆ అర్థం కొడుక్కన్నా బాగా తెలిసిన మనిషి అత్తయ్య. ఆమె తన పళ్లెంలో రొట్టెని నిదానంగా ముక్కలు చేసుకుంది.

ఆ వారమే కోడలు నడుం చూపించుకోవడానికి వెళ్లింది. ఫిజియోథెరపీ ఆవిడ వెన్ను తడిమి, వంగమని, లేవమని చెప్పి, చివరికి ఒక మాట అంది. "నీకు కావలసింది పట్టీ కాదమ్మా, కండ. లేపక తప్పదంటున్నావు. అలాంటప్పుడు లేపడమే నేర్చుకో. బరువులు ఎత్తడం మొదలుపెట్టు. చిన్నవాటితో, పద్ధతిగా."

ఇంటికొచ్చి మొగుడితో చెబితే అతను నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"ఎక్కడ పెడదాం?"

"రాగి గదిలో."

అత్తయ్య గది పక్కనే ఉన్న చిన్న గది అది. దొంగల భయంతో రాగి తీగ చుట్టలు కొట్లో కాకుండా అక్కడ దాచేవాళ్లు కాబట్టి ఆ పేరు. ఒక మంచం వేస్తే తలుపు తెరుచుకోనంత గది. తలుపుని బయటికి తెరుచుకునేలా మార్పించాడు. మూతపడ్డ మిల్లులోంచి వచ్చిన కన్వేయర్ బెల్టుని కోసి నేల మీద రెండు వరసలు పరిచాడు. ఏదో కారులోంచి ఊడదీసిన సీటు ఇనుప కాళ్ల మీదికెక్కి బెంచీ అయింది. మంగలి షాపు అద్దం ఒకటి మూల పగిలి పడి ఉంటే, పగిలిన మూల కిందికి వచ్చేలా గోడకి తగిలించాడు. మూసేసిన జిమ్ముల సరుకు తూకానికి వచ్చినప్పుడు మంచి ప్లేట్లు ఏరి పక్కన పెట్టాడు. పెళ్లాం మురిపెంగా ఏదీ అడగని మనిషి. అడక్క అడక్క ఇనుము అడిగింది. ఇనుము అతని దగ్గర లేక మరేముంది?

"అత్తయ్యకి అసలు సంగతి చెప్పకండి," అంది కోడలు. "తన కోసమని తెలిస్తే రేపట్నుంచి మంచం దిగనే దిగరు. ఒళ్లు తగ్గించుకోవడానికని చెబుతాను."

చెప్పింది కూడా. అత్తయ్య ఆమెని కిందినుంచి పైదాకా చూసింది.

"ఒళ్లా? నీకెక్కడుందే? తూకం వేస్తే సంచీ బరువే ఎక్కువొస్తుంది."

"ఈ కాలంలో అందరూ తగ్గుతున్నారత్తయ్యా."

"అలాగా," అంది అత్తయ్య.

అన్నిటికన్నా చివర్లో వచ్చింది పెద్ద కడ్డీ. ఫ్యాక్టరీలో తిరిగి తిరిగి అరిగిన ఇరుసు, రెండు చివర్లా చక్రాలు వెల్డింగ్ చేసి ఉన్నాయి. దాన్ని గదిలోకి తేవడానికే ఇద్దరు కూలీలు చెమటలు కక్కారు. వాళ్లు వెళ్లాక కోడలు ఫిజియో ఆవిడ చెప్పినట్టు కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు వంచి, దాన్ని పట్టుకుని లేపబోయింది. అది నేల వదల్లేదు.

"మరీ బరువండీ. నా వల్ల కాదు. లేపబోతేనే నడుం పట్టేసింది."

"అవును, మరీ బరువుగా ఉంది. ఎన్నేళ్లదో, తుప్పు కూడా పట్టింది," అన్నాడతను. "ఇంత బరువుంటే ఇంట్లో ఉంచుకుని లాభమేముంది? పంపించేద్దామా?"

"పంపించేస్తే మళ్లీ దొరకొద్దూ! కాస్త బరువు తగ్గితే ఉండనిద్దాం. రోజూ లేపేది నేనే కదా."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే ఏం చేస్తాం? పంపించడమే."

ఆ సాయంత్రమే అతను కడ్డీని కొట్లోకి ఈడ్పించి, గ్యాస్ కట్టరుతో రెండు చక్రాలూ కోసేశాడు. ఆ తర్వాత అది ఆమె చేతికి లొంగింది.

పొద్దున మొగుడు కొట్టు తెరిచాక, అత్తయ్య ఫలహారం అయ్యాక, కోడలు రాగి గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. మొదట్లో చిన్న డంబెళ్లకే చేతులు వణికాయి. కడ్డీ దించేటప్పుడు అదుపు తప్పి దబ్బున పడేది. పక్క గదిలోంచి కేక వచ్చేది.

"దించుతున్నావా, పడేస్తున్నావా?"

"దించుతున్నానత్తయ్యా!"

"అది దించిన చప్పుడు కాదు. సరుకు నేలకి తగిలేదాకా నీ చేతిలోనే ఉండాలి. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు. దించడంలో ఉంది పనితనం."

ఆ మాట పట్టుకుని కోడలు దించడం నేర్చుకుంది. నెలలు గడిచేకొద్దీ ఒక్కో ప్లేటూ కలుపుకుంటూ పోయింది. నడుం నొప్పి ఒక రోజు రావడం మర్చిపోయింది, తర్వాత మెల్లగా రావడమే మానేసింది. అద్దంలో భుజాలు కొత్తగా కనిపిస్తుంటే సిగ్గేసేది, సంతోషమూ వేసేది. సొంతానికి ఏదైనా కూడబెట్టుకోవడం పెళ్లయ్యాక ఆమెకి అదే మొదలు.

పక్క గదిలో అత్తయ్య భోజనాల పద్ధతి ఆ రోజుల్లోనే మారింది. పళ్లెం తన గదికే తెచ్చిపెట్టమంది. పళ్లు జివ్వుమంటున్నాయి, నిదానంగా తింటాను, నువ్వు పక్కన నిలబడొద్దు అంది. పళ్లెం ఎప్పుడు చూసినా ఖాళీగానే తిరిగొచ్చేది. ఖాళీ పళ్లెం కన్నా నమ్మదగ్గ సాక్ష్యం ఏముంటుంది? రాత్రికి మాత్రం పాలు చాలనేది. చలేస్తోందని ఒక దుప్పటి ఎప్పుడూ చుట్టుకునే ఉండేది. బుగ్గలు జారాయని కోడలికీ కనిపించింది గానీ, వయసు అనుకుంది.

"మీ వెనక సందులో పిల్లులు చూశారా?" అంది ఒకసారి ఎదురింటావిడ. "మీ అత్తగారి కిటికీ కింద కాపురాలు పెట్టేశాయి. ఒక్కొక్కటీ దిండులా తయారైంది."

"మా అత్తయ్యకి కాలక్షేపం లెండి," అంది కోడలు.

ఒక పొద్దున చంకల కింద చేతులు వేసి లేపితే, ఊపిరి బిగబట్టకుండానే అత్తయ్య లేచి వచ్చేసింది. కోడలికి నమ్మకం కుదరలేదు. కూర్చోబెట్టి మళ్లీ లేపింది.

"అత్తయ్యా! చూశారా? నాకు ఆయాసమే లేదు!"

"తేలిగ్గా ఉన్నానా?" అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "నిజం చెప్పు."

"దూదిలా ఉన్నారు."

"నడుం?"

"నడుం ఊసే లేదు."

"అయితే ఇంక నన్ను..." అని ఆగిపోయింది అత్తయ్య.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదులే. కుర్చీ జరుపు, కాళ్లు వణుకుతున్నాయి."

వణుకుతున్నాయన్న మాట కోడలు విన్నది. విని, తుడిచిన నేల ఇంకా ఆరలేదు, అందుకే అనుకుంది. ఎత్తేవాళ్లకి తమ చేతులే కనిపిస్తాయి. చేతిలో ఉన్నది ఎంత మారిందో చూసుకోరు.

సెలవు పెట్టుకుని ఆడపడుచు వచ్చింది. చెప్పులు విప్పుతూనే రాగి గదిలోకి తొంగి చూసి, నడుం మీద చేతులు వేసుకుంది.

"ఓహో! మహారాణిగారికి వ్యాయామశాల కట్టించాడన్నమాట మా తమ్ముడు. అమ్మని చూసుకోవడానికి తీరికుండదు గానీ, అద్దం ముందు కండలు చూసుకోవడానికి బోలెడు తీరిక."

"వదినా, ఒక్క నిమిషం ఇలా రండి," అంది కోడలు. ఆ రోజు కోసమే ఎదురుచూస్తోందామె. ఆడపడుచు చెయ్యి పట్టుకుని అత్తయ్య మంచం దగ్గరికి తీసుకెళ్లింది. దుప్పటి సర్ది, చేతులు వేసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే అత్తయ్యని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. మాట కూడా తడబడలేదు.

ఆడపడుచు నోరు తెరుచుకుని చూసింది. "ఒక్కదానివే? మా అమ్మని?"

"అందుకేనండీ ఆ గది. హోమ్‌లో ఇద్దరు చేసే పని ఇంట్లో ఒక్కదాన్ని చేస్తాను. ఇంక ఆ మాట ఎత్తకండి."

కొట్లోంచి అప్పుడే వచ్చిన మొగుడికి గర్వం ఆగలేదు. "ఎంత బరువు లేపిందో తెలుసా అక్కా? ఆస్పత్రిలో చూసినప్పుడు అమ్మ ఎనభై రెండు కిలోలు. ఉండు, కాటా మీదే చూపిస్తా."

"ఒరేయ్, వద్దు," అంది అత్తయ్య.

"ఏమ్మా, జీవితమంతా ఊరిని కాటా ఎక్కించావు. ఒక్కసారి నువ్వెక్కితే ఏం?"

"నేనేం సరుకునా? వద్దన్నానా!"

ఆమె అరిచిన కొద్దీ వీళ్లకి నవ్వొచ్చింది. నవ్వుతూ కుర్చీ తోసుకుంటూ కొట్లోకి తీసుకెళ్లారు. పెద్ద కాటా బల్ల నేలకి సమానంగా ఉంటుంది. కుర్చీ దాని మీదికి ఎక్కింది. కుర్చీ బరువు అతనికి తెలుసు, లెక్కలోంచి తీసేశాడు. అంకె చూశాడు. బల్లని అరచేత్తో తట్టాడు. మళ్లీ చూశాడు.

"కాటా తప్పు చూపిస్తోంది."

"ఎంతుంది?" అంది ఆడపడుచు.

 అనుమానం వస్తే ఇనుము వ్యాపారి చేసే పని ఒకటే. కుర్చీని కిందికి దింపి, రాగి గదిలోంచి ఇరవై కిలోల ప్లేటు తెప్పించి కాటా మీద పెట్టాడు. ఇరవై చూపించింది. రెండోది పెట్టాడు. నలభై. రవ్వంత తేడా లేదు. మళ్లీ తల్లిని ఎక్కించాడు.

యాభై తొమ్మిది.

కొట్లో ఎవరూ నవ్వడం లేదు. కోడలు వంగి అత్తయ్య ఒంటి మీది దుప్పటి తీసింది. జాకెట్టు చేతులు వేలాడుతున్నాయి. తను రోజూ చేతులు వేసి లేపే చోటే, చంకల పక్కన, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"ఇదా నీ బలం?" ఆడపడుచు గొంతు కీచుగా లేచింది. "మా అమ్మని ఎండబెట్టి, ఎత్తానని గొప్పలా? తిండి పెడుతున్నావా అసలు? తేలిగ్గా ఉండాలని సగానికి సగం కోసేశావు కదూ!"

"వదినా, నేను... పళ్లెం ఖాళీగా..."  కోడలు నేల మీద కూలబడి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటినే చూసింది.

"దాన్నేం అనకు!" అంది అత్తయ్య. కాటా ముందు కూర్చున్న రోజుల్లో అవతలివాణ్ణి ఆపేసిన గొంతు అది. "అది పెడుతూనే ఉంది. నేనే పిల్లులకి పారబోశాను."

"ఎందుకమ్మా?" అన్నాడు కొడుకు.

"ఎందుకా? నువ్వు బేరం పెట్టావు, నేను ఒప్పుకున్నాను. బేరానికి కట్టుబడ్డం తప్పా?"

"నేనేం బేరం పెట్టాను?"

"మరీ బరువుగా ఉంది, తుప్పు కూడా పట్టింది, ఇంట్లో ఉంచుకుని లాభమేముంది అని నువ్వన్నావు. కాస్త తగ్గితే ఉండనిద్దాం అంది ఇది. తగ్గకపోతే పంపించడమే అని ఇద్దరూ ఖాయం చేసుకున్నారు. గోడ పక్కనే పడుకుని ఉన్నానురా నేను." ఆమె గొంతులో కోపం లేదు. అదే వాళ్లకి భరించరానిదిగా ఉంది. "నాకు బాధ కలగలేదనను. కానీ న్యాయమైన మాటే అనుకున్నాను. వెళ్లిపొమ్మనలేదు, తగ్గమన్నారు. తగ్గడం నా చేతిలో పని."

కొడుక్కి ఆ రోజు గుర్తు రాలేదు. కోడలికి వచ్చింది. నేల మీదినుంచే తలెత్తి అంది.

"కడ్డీ... అత్తయ్యా, అది కడ్డీ గురించి. ఆ రోజు తెచ్చిన పెద్ద కడ్డీ!"

"నాకు కథలు చెప్పకు."

మన మాటలో ఇనుప కడ్డీకీ ఆడమనిషికీ క్రియ ఒకటే. 'బరువుగా ఉంది' అంటే గోడకి ఆనించిన ఇరుసూ కావచ్చు, గోడకి అవతల పడుకున్న అమ్మా కావచ్చు. కొడుకు తల్లిని 'ఉన్నారు' అనడు. వేరే ఇంట్లో అయితే తుప్పు దగ్గరైనా అనుమానం వచ్చి ఉండేది. ఈ ఇంట్లో మోకాళ్లకి కూడా తుప్పే పడుతుంది.

అతను పరుగెత్తి వెళ్లి ఆ కడ్డీ తెచ్చి, ఒక కొన తల్లి ఒళ్లో పెట్టి, బరువంతా తన మంచి భుజం మీద ఆపుకున్నాడు.

"చూడమ్మా. చివర్లు చూడు. రెండు వైపులా చక్రాలుండేవి. అవి కోసేస్తేనే ఇది లేపగలిగింది. నీ మీద ఒట్టు."

అత్తయ్య బొటనవేలితో ఆ కొనని తడిమింది. గ్యాస్ మంట కరిగించిన చోట ఇనుము గడ్డలు కట్టి గరుకుగా ఉంది. ఆ వేలుకి ఇంకేం చెప్పక్కర్లేదు. చాలాసేపు తడుముతూనే ఉంది.

"ఎప్పుడు కోశావు?"

"ఆ సాయంత్రమే."

"చప్పుడు విన్నాను," అందామె మెల్లగా. "ఇంకేదో అనుకున్నాను." కొన మీంచి వేలు తీసి, "చచ్చు ఇనుముకా అంత చర్చ చేశారు?" అంది. నవ్వబోయింది. ఆ నవ్వు ముఖంలో సగం దాకా వచ్చి చెదిరిపోయింది. తుంటి ఎముక విరిగిన రోజున కూడా ఏడవని మనిషి, కొట్టు మధ్యలో కాటా మీద కూర్చుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆడపడుచు ఆమె తలని గుండెకి హత్తుకుంది. రెండో చెయ్యి చాచి, చూడకుండానే, నేల మీదున్న కోడలి భుజం పట్టుకుంది. ఆ భుజం గట్టిగా, రాయిలా తగిలేసరికి ఆమెకీ ఏడుపు ఆగలేదు.

అపార్థం తీరింది. నష్టం మాత్రం తీరేది కాదని మర్నాడు తెలిసింది.

ఫిజియోథెరపీ ఆవిడ ఇంటికొచ్చి అత్తయ్య తొడలు, పిక్కలు నొక్కి చూసింది. గోడ కడ్డీ పట్టించి నిలబెట్టమంది. కోడలు లేపింది. ఇదివరకు తన బరువు తను మోసుకున్న కాళ్లు ఇప్పుడు నిలవలేదు. కోడలు పట్టుకుని ఉండకపోతే మోకాళ్ల దగ్గర మడతపడి కిందికి జారిపోయేదే. కొన్నాళ్లుగా కుర్చీ ముందే దగ్గర పెట్టుకుని, చేతులు వదలకుండానే కూర్చోబెడుతోంది కాబట్టి కోడలికి ఇది తెలియలేదు.

గుమ్మం బయటికి వచ్చాక ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ వయసులో పస్తులుంటే కరిగేది కొవ్వు కాదమ్మా, ముందు కండే. నిలబడే శక్తంతా అందులోనే ఉంటుంది. కొంత తిరిగి రావచ్చు. నిలబడ్డం మాత్రం... ఆశ పెట్టలేను."

కోడలు రాగి గదిలోకి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. లెక్క ఎటునుంచి వేసినా ఒకేలా వస్తోంది. తను ఇటువైపు కండ కూడబెట్టింది. అటువైపు ఆమె ఉన్న కండని కరగదీసుకుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు, ఒకరికొకరు చెప్పకుండా. 'మీకోసమే అత్తయ్యా' అన్న ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే! తిట్టేది, అలిగేది, మంచం దిగనని మొరాయించేది. ఆ తర్వాత తినేది. కాళ్లుండేవి.

అద్దంలో కనిపిస్తున్న కొత్త భుజాలని ఆమె చూడలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమే!" పక్క గదిలోంచి కేక. "ఏడుపు వినిపిస్తోంది. నా చెవులు బానే పనిచేస్తున్నాయి. గొడవంతా వచ్చింది వాటివల్లేగా."

కోడలు ముఖం తుడుచుకుని వెళ్లింది. చేతిలో పళ్లెం ఉంది, మెత్తగా కలిపిన అన్నం, పక్కన గుడ్డు. కిటికీ కింద పిల్లులు అరుస్తున్నాయి. ఆమె కిటికీ తలుపు మూసి వచ్చి, మంచం అంచున కూర్చుని ముద్ద అందించింది.

అత్తయ్య చాలాసేపు నమిలింది. "లోపలికి పోవట్లేదే. ఇన్నాళ్లు తరిమేసరికి ఆకలి అలిగి వెళ్లిపోయినట్టుంది."

"పిలుద్దాం. అదే వస్తుంది."

"ఆ ఫిజియో ఆవిడ ఏమంది? గుమ్మం అవతలికి వెళ్లి మరీ చెప్పింది."

కోడలు తల వంచుకుంది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఈ ఇంట్లో ఇంక గోడ అవతల ఒక మాట, గోడ ఇవతల ఒక మాట ఉండకూడదు.

"నిలబడ్డం కష్టమేనంది అత్తయ్యా."

అత్తయ్య దుప్పటి మీంచి తన మోకాళ్లని ఒకసారి నిమిరింది. కొట్టు మూసేటప్పుడు కాటా బల్లని అలాగే తుడిచేది.

"అయితే ఇంకనించీ మొత్తం బరువు నీదేనన్నమాట."

"నాదే."

"ఇప్పుడు తేలిగ్గా ఉన్నాను కాబట్టి సరే. నువ్విలా తినిపిస్తే మళ్లీ పెరుగుతాను. ఎనభై దాటుతాను. అప్పుడు ఎత్తగలవా?"

"పెరిగి చూడండి," అంది కోడలు.

ఆ మాటలోని పొగరు అత్తయ్యకి నచ్చింది. కళ్లు తడిగా ఉన్నా పెదవి ఓ మూలకి వంగింది. నోరు తెరిచింది. సగం ముద్దే పట్టింది. మిగిలిన సగాన్ని వేళ్ల మధ్య అలాగే పట్టుకుని, ఆమె నమిలి మింగేదాకా కోడలు కదలకుండా కూర్చుంది.